మూడు టిక్కులు

"అది మన నెత్తిన పడకపోతే ఇంకెవరి నెత్తినో పడుతుంది. చూస్తూ ఉండండి," అన్నాను నేను.

అప్పటికి మేమింకా విమానం కొననేలేదు. షాపు మెట్లు కూడా ఎక్కలేదు. రోడ్డు దాటుతున్నాం, అంతే. మా అమ్మాయి నా చెయ్యి విడిపించుకుని ముందుకు పరుగెత్తింది. దాన్ని ఇంట్లో అందరూ సున్నా అంటారు. చిన్నప్పుడు అది మొదట రాయడం నేర్చుకున్నది సున్నానే. గోడల మీద, తలుపుల మీద, వాళ్ళ నాన్న తెల్లచొక్కా మీద అన్నీ సున్నాలే. ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు.

వాళ్ళ నాన్న నా మాటకు నవ్వి ఊరుకున్నారు. ఆయన సిటీ బస్సు నడుపుతారు. రోజూ అంతమంది సణుగుడు వినే మనిషికి నా ఒక్కదాని గోల ఏపాటిది?

షాపు సున్నా పెదనాన్నది. అంటే మా ఆయన అన్నగారు, నాకు బావగారు. రిమోట్‌తో ఎగిరే చిన్న విమానాలు అమ్ముతారు, వాటి ఇంజన్లు బాగుచేస్తారు. ముప్పై రెండేళ్ళుగా అదే పని. వాటిని బొమ్మలని మాత్రం ఆయన ముందు అనకూడదు. మోడల్స్ అనాలి.

ఏడాదిగా ఆదివారాలు ఆయన తన పాత విమానం మీద సున్నాకు ఎగరేయడం నేర్పుతున్నారు. లేపడం, గుండ్రంగా తిప్పడం, దింపడం వచ్చేశాయి. ఎవరి సాయం లేకుండా పదిసార్లు దింపితే సొంత విమానం కొనిస్తానని వాళ్ళ నాన్న మాటిచ్చారు. పదోసారి దింపిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే పాట. పల్టీలు కొట్టే విమానం కావాలి. తలకిందులుగా ఎగిరేది కావాలి.

షాపు లోపలికి వెళ్ళేసరికి సున్నా మెడ పైకెత్తి నిలబడి ఉంది. పైన ఎరుపు, వెండి రంగుల్లో మెరుస్తూ ఒక పొడవాటి విమానం వేలాడుతోంది. దాని ఇంజన్ నా పిడికిలంత ఉంది.

"పెదనాన్నా, నాకు ఇదే," అంది.

"దాన్ని ఎగరేయాలంటే నాకే చెమటలు పడతాయి," అన్నారు బావగారు. "ఇలా రా."

ఆయన ఒక పెట్టె విప్పి పసుపుపచ్చ విమానం బయటకు తీశారు. పొట్టిగా, బొద్దుగా ఉంది. రెక్కలు లావు. సున్నా ముఖం ఆముదం తాగినట్టు అయిపోయింది.

"ఇది బాతులా ఉంది పెదనాన్నా."

"బాతే అనుకో. బాతు నీళ్ళలో మునగడం ఎప్పుడైనా చూశావా? రెక్క మీద చెయ్యి పెట్టు. ఇప్పుడు కింద పెట్టు. తేడా ఏమైనా ఉందా?"

సున్నా పైనా కిందా తడిమి చూసింది. రెండువైపులా ఒకేలా గుండ్రంగా ఉంది. అందుకే తలకిందులుగా ఎగిరినా దీనికి ఇబ్బంది ఉండదని ఆయన చెప్పారు. రెక్క లావుగా ఉంటే మెల్లగా వెళ్ళినా చటుక్కున పడిపోదట. ఎర్రదాని రెక్క పల్చన. వేగం తగ్గిందంటే వెంటనే ఒక పక్కకు ఒరిగిపోతుందట.

"పల్టీలు నేర్చుకునేటప్పుడు తప్పులు చేస్తావు. అందరూ చేస్తారు," అన్నారాయన. "నువ్వు తప్పు చేస్తే దిద్దుకోడానికి ఇది నీకు టైమ్ ఇస్తుంది. ఆ ఎర్రది ఇవ్వదు."

సరే, విమానం కుదిరింది. ఇక ఇంజన్. ఆయన కౌంటర్ మీద రెండు పెట్టారు. ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం. సున్నా చెయ్యి పెద్దదాని మీదికే పోయింది. బావగారు వద్దనలేదు. దాన్ని బాతు ముక్కులో కూర్చోబెట్టి, రెక్కల కింద చెరో వైపు ఒక్కొక్క వేలు పెట్టి లేపమన్నారు. సున్నా లేపింది. విమానం ముక్కు నేలకేసి వాలిపోయింది.

తర్వాత మధ్యరకం పెట్టి లేపమన్నారు. ఈసారి విమానం రెండు వేళ్ళ మీద త్రాసులా నిలబడింది. పెద్ద ఇంజన్‌తో వేగం పెరుగుతుంది గానీ, దింపేటప్పుడూ అంత వేగంగానే నేల మీదికి వస్తుందని ఆయన అన్నారు. సున్నా పెద్దదాన్ని తనే వెనక్కి జరిపింది.

నాకు ఒకటే అనుమానం. "ఇంజన్ పైన ఆగిపోతే బావగారూ?"

"ఆగితే ఆగుతుందమ్మా. రెక్కలున్నాయిగా, జారుకుంటూ దిగుతుంది. తగినంత ఎత్తులో ఉంటే చాలు."

"ఎత్తులో లేకపోతే?"

బావగారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన గోడ వైపు చూశారు.

కొత్త ఇంజన్‌ను కొన్న రోజే ఎగరేయకూడదట. మర్నాటి సాయంత్రం షాపు వెనక పెరట్లో దాన్ని బెంచీకి బిగించి నడిపారు. నేను దూది, కట్టుగుడ్డ, మందు ట్యూబు సంచిలో వేసుకుని వెళ్ళాను. వేళ్ళు పది ఉన్నాయో లేదో నిమిషానికోసారి సున్నా చేతులు చూశాను. బావగారు చెక్క కర్రతో ముందుండే చిన్న పంకాను తట్టగానే ఇంజన్ అందుకుంది. పెరడంతా తెల్లటి పొగ, ఆముదం వాసన. ఆ ఇంధనంలోనే ఆముదం కలిపి ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇంజన్ పక్కన సూదిలాంటి స్క్రూ ఒకటి ఉంది. బిగిస్తే లోపలికి పోయే ఇంధనం తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. కొంచెం తిప్పినప్పుడల్లా టిక్కుమంటుంది. బావగారు కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, ఆ సూదిని ఒక్కో టిక్కూ తిప్పుతూ విన్నారు. చంటిపిల్ల గుండె చూసే డాక్టరు కూడా అంత శ్రద్ధగా వినడు.

"మీటరు లేదా పెదనాన్నా?" అని అడిగింది సున్నా.

"ఉంది. ఇదిగో," అని ఆయన తన చెవి చూపించారు.

ఇంజన్ మాత్రం బుడబుడమంటూ బద్ధకంగా తిరుగుతోంది. జలుబు చేసినట్టు దగ్గుతోందేమిటని సున్నా అడిగింది. దగ్గనివ్వాలి అన్నారాయన. ఇంధనంతో పాటే నూనె కూడా లోపలికి వెళ్తుంది. కొత్త ఇంజన్‌కు నూనె ఎక్కువ కావాలి. తొందరపడి సూది బిగిస్తే నూనె చాలక వేడెక్కి ఆగిపోతుంది.

"ఇంకో నాలుగు ట్యాంకుల ఇంధనం అయ్యేదాకా ఆ సూది మీద నా చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ పడకూడదు. సరేనా?"

సున్నా తల ఊపింది.

ఆదివారం పొద్దున్నే ఊరి చివర మైదానానికి వెళ్ళాం. గడ్డి కురచగా కోసి ఉంది. చూసేవాళ్ళు దాటకుండా ఒక తాడు కట్టారు. నేను తాడుకు ఇంకో పది అడుగులు వెనక నిలబడ్డాను. సున్నా తన క్లాసులో పక్క బెంచీలో కూర్చునే అమ్మాయిని చూడ్డానికి రమ్మంది. ఆ పిల్లను అది పక్కబెంచీ అనే పిలుస్తుంది.

సున్నా చేతిలో ఒక రిమోట్, పెదనాన్న చేతిలో ఒకటి. రెంటికీ మధ్య ఒక తీగ. ఆయన మీట నొక్కి ఉంచినంతసేపూ విమానం సున్నాది. వదిలేస్తే ఆయనది. ఆ తీగను చూశాక నాకు కాస్త ఊపిరాడింది.

మొదటిసారి ఎగరడానికి ముందు బావగారు నడుస్తున్న ఇంజన్‌తో విమానాన్ని పట్టుకుని ముక్కు ఆకాశానికి ఎత్తి చూశారు. పైకి ఎక్కేటప్పుడు ఇంజన్ తడబడుతుందేమోనని ఆ పరీక్ష. తడబడలేదు. బాతు దగ్గుకుంటూ లేచింది, దగ్గుకుంటూ రెండు చుట్లు తిరిగింది, ఒకసారి పక్కకు దొర్లింది, చక్కగా దిగింది. సున్నా ముఖం వెలిగిపోయింది.

అంతలో అవతలి వైపు నుంచి ఎవరిదో ఎర్ర విమానం కీచుమని అరుస్తూ ఆకాశంలోకి దూసుకుపోయింది.

పక్కబెంచీ నోరు తెరుచుకుని చూసింది. "అదీ విమానమంటే. మీదానికి కాస్త దగ్గుమందు పోయించవే," అని నవ్వింది.

సున్నా కూడా నవ్వింది. కానీ దాని చెవులు ఎర్రబడ్డాయి.

బావగారు ఇంధనం తేవడానికి కారు దగ్గరికి వెళ్ళారు. మా ఆయన వేలు గీసుకుంటే నేను సంచిలో దూది వెతుకుతున్నాను. ఆ కాసేపట్లో జరిగింది నాకు తర్వాతే తెలిసింది. మీకు మాత్రం ఇప్పుడే చెబుతాను. సున్నా విమానం పక్కన కూర్చుని, సూదిని రెండు వేళ్ళతో పట్టుకుని బిగించింది. టిక్. టిక్. టిక్.

బావగారు వచ్చి ఇంధనం నింపి ఇంజన్ నడిపించారు. ఈసారి దగ్గు లేదు. సన్నగా, గట్టిగా మోగింది. పక్కబెంచీ కనుబొమ్మలు ఎగరేసింది.

బావగారు తల పక్కకు వంచారు. "గొంతు మారినట్టుందే," అన్నారు. "సున్నా, సూది ముట్టుకున్నావా?"

"లేదు పెదనాన్నా."

ఆయన చిటికెన వేలు చెవిలో పెట్టి ఆడించుకున్నారు. మళ్ళీ విన్నారు. అయితే నా చెవే అయ్యుంటుంది అనుకుంటూ రిమోట్ అందుకున్నారు. ఈసారి ముక్కు ఎత్తి చూడలేదు. పొద్దున చూసిందే కదా అనుకున్నారు.

బాతు బాణంలా లేచింది. సున్నా దాన్ని చుట్టూ తిప్పి తెచ్చి, పల్టీ కొట్టించడానికి ముక్కు పైకి లాగింది. విమానం నిలువునా ఎక్కసాగింది. సగం ఎక్కేసరికి శబ్దం ఆగిపోయింది.

బావగారు మీట వదిలి విమానాన్ని తన చేతిలోకి తీసుకున్నారు గానీ, జారుకుంటూ దిగడానికి తగినంత ఎత్తు లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. అందుకే పడటం చూడలేదు, విన్నాను. పెద్ద శబ్దమేమీ కాదు. అట్టపెట్టె మీద ఎవరో కూర్చున్నట్టు వినిపించింది.

కళ్ళు తెరవగానే మనుషుల్ని లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. విమానం ఎడమ రెక్క విరిగింది, ముక్కు మట్టిలో దిగబడింది. బావగారు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని పైకి తీశారు. సూది మొదలంటా విరిగి ఎక్కడో మట్టిలో కలిసిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

"తప్పు నాదే," అన్నారు ఆయన మా ఆయనతో. "గొంతు మారిందనిపించింది. మారలేదు. మారింది నా చెవి."

వయసుకు అందరికీ ఏదో ఒకటి వస్తుందిలే అన్నయ్యా అని మా ఆయన ఏదో సర్దిచెప్పబోయారు. సున్నా విరిగిన రెక్క ముక్క పట్టుకుని నిలబడింది. విమానం పోయిన దిగులనుకున్నాను.

ఆ తర్వాత మూడు రోజులు అది చెప్పకుండానే హోంవర్క్ చేసుకుంది. పిలవకుండానే స్నానానికి వెళ్ళింది. కంచంలో సగం వదిలేసింది. నాకు భయం పట్టుకుంది. పూటకోసారి నుదురు తాకి చూశాను. జ్వరం లేదు. లోపల్లోపల ఉండే జ్వరమేమోనని ఇంకా భయపడ్డాను. విరిగిన బాతు బీరువా మీద ఉంది. సున్నా ఆ గదిలోకే వెళ్ళడం మానేసింది.

బుధవారం సాయంత్రం అక్క వచ్చింది. అక్క అంటే బావగారి భార్య, సున్నాకు పెద్దమ్మ. ఎప్పుడూ గలగలా నవ్వే మనిషి, టీ గ్లాసు పట్టుకుని చల్లారేదాకా కూర్చుంది. మెల్లగా చెప్పుకొచ్చింది. బాగుచేయమని వచ్చిన రెండు ఇంజన్లను బావగారు కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చేశారట. చెవి సరిగా ఉన్న కుర్రవాళ్ళ దగ్గరికి తీసుకుపొమ్మన్నారట. ఇకమీదట అమ్మడమే గానీ బాగుచేయడం లేదని బోర్డు రాయించబోతున్నారట.

"గోడ గడియారం దించి టేబుల్ మీద పెడతారు," అంది అక్క. "కళ్ళు మూసుకుని అడుగు అడుగు వెనక్కి నడుస్తారు. ఎంత దూరం వినపడుతుందో చూసుకుంటారట. నిన్న భోజనానికి పిలిస్తే పలకలేదు. వినపడలేదా అంటే, 'వినపడింది. నిజంగా వినపడిందా, వినపడిందని నేను అనుకున్నానా అని ఆలోచిస్తున్నా' అన్నారు."

నేను వెంటనే పెద్దాసుపత్రి అన్నాను. పెద్ద మిషన్లు, ఆపరేషన్లు అన్నీ నా కళ్ళముందు తిరిగాయి. అక్క ఇంకా భయపడి లేచి వెళ్ళిపోయింది.

తలుపు దగ్గర సున్నా నిలబడి ఉంది. చేతిలో పెన్సిలుంది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

"అమ్మా, పెదనాన్న చెవి బాగానే ఉంది," అంది.

"నీకేం తెలుసే?"

"సూది నేనే తిప్పాను. అడిగితే లేదన్నాను."

నేను అక్కడే పీట మీద కూలబడ్డాను. ఎలా తిప్పింది, ఎందుకు తిప్పింది, మొత్తం చెప్పింది. నా బుర్ర అప్పటికే ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. బావగారికి కోపం వస్తుంది. ఇక దీన్ని దగ్గరికి రానివ్వరు. అన్నదమ్ములిద్దరికీ మాటలు ఆగిపోతాయి. మా ఆయన తలెత్తుకోలేరు. రేపు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పిలుపులు కూడా ఉండవు.

"నాన్నను రానీ," అన్నాను. "ఆదివారం చూసి మెల్లగా చెబుదాం. నేనే ఏదో ఒకలా చెబుతాలే. నువ్వు నోరెత్తకు."

సున్నా నా వైపు చూసింది.

"ఆదివారం దాకా ఆయన గడియారం వింటూ ఉంటారమ్మా," అంది.

అది లోపలికి వెళ్ళింది. మూడు రోజులుగా అడుగుపెట్టని గదిలోకి. కుర్చీ ఎక్కి విమానం దించి, ఇంజన్ ఊడదీసి, పాత తువ్వాలులో చుట్టింది. చంకలో పెట్టుకుని చెప్పులేసుకుంది. ఆగవే ఆగవే అంటూనే నేను వెనక నడిచాను. కోప్పడితే ఏడవకు అని చెప్పాను. తిడితే ఎదురు మాట్లాడకు అని చెప్పాను. అది విన్నదో లేదో తెలియదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం నా చెయ్యి అదే పట్టుకుంది.

షాపులో వేరే ఎవరూ లేరు. బావగారు కౌంటర్ వెనక కూర్చుని చిన్న స్క్రూలను సైజుల వారీగా డబ్బాల్లో వేస్తున్నారు. పని బెంచీ మీద దీపం ఆర్పేసి ఉంది. మమ్మల్ని చూసి రండి రండి అన్నారు. రెక్క అతికించడానికి జిగురు కావాలా అని అడిగారు.

సున్నా తువ్వాలు విప్పి ఇంజన్‌ను కౌంటర్ మీద పెట్టింది. రెండుసార్లు నోరు తెరిచి మూసింది. మూడోసారి మాట వచ్చింది.

"పెదనాన్నా, ఆ రోజు మీరు సూది ముట్టుకున్నావా అని అడిగారు. ముట్టుకున్నాను. మీరు కారు దగ్గరికి వెళ్ళినప్పుడు మూడు టిక్కులు బిగించాను. పక్కబెంచీ నవ్విందని. మళ్ళీ మీతో లేదని అబద్ధం చెప్పాను. మీరు విన్నది కరెక్టే. తప్పు మీ చెవిది కాదు, నాదే."

బావగారి చేతిలో స్క్రూ అలాగే ఉండిపోయింది.

బయట ఒక బస్సు ఆగింది, జనం దిగారు, బస్సు వెళ్ళిపోయింది. నాకు నిశ్శబ్దం పడదు. చిన్నపిల్ల బావగారూ, తెలియక చేసింది, అనాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. సున్నా నా వేళ్ళను గట్టిగా నొక్కింది. ఆగిపోయాను. అది ఏడవలేదు. తల దించుకోలేదు. ఇంకో మాట కలపలేదు. తెలియక చేశానని మాత్రం అనలేదు.

బావగారు స్క్రూను డబ్బాలో వేశారు. ఇంజన్‌ను చేతిలోకి తీసుకున్నారు. మట్టి దులిపి, సూది విరిగిన చోట బొటనవేలితో తడిమారు. లేచి బెంచీ దగ్గరికి నడిచారు. దీపం స్విచ్చి వేశారు. ఆ వెలుతురులో ఇంజన్‌ను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు.

తర్వాత ఆయన మా వైపు తిరిగారు.

"అయితే ఆ రోజు," అన్నారు, "నాకు సరిగ్గానే వినపడిందన్నమాట."